ఇంట్లో హింస తర్వాత: ఆమెకు ఏ దారి, అతనికి ఏ దారి

ఇంట్లో దెబ్బలు తిన్న ఆడమనిషికి సలహా చెప్పేవాళ్ళకు మన దగ్గర కొదవ లేదు. పెద్దల్లో పెట్టమని ఒకరు, కేసు పెట్టమని ఒకరు, పిల్లల మొహం చూసి సర్దుకోమని మరొకరు. కొట్టినవాడి గురించీ అంతే. తాగుడు మాన్పిస్తే చాలంటారు కొందరు, ఒక బిడ్డ పుడితే మారతాడంటారు కొందరు, జన్మలో మారడంటారు ఇంకొందరు. ఈ మాటల మధ్య ఏదీ తేల్చుకోలేక నెలలు, ఏళ్ళు గడిచిపోతాయి. అలా ఆగిపోయినవాళ్ళ కోసం, వాళ్ళ అమ్మానాన్నల కోసం, తను చేసింది తప్పని తెలిసి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని మగవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆమె కోలుకోవడం, అతను మారడం రెండు వేర్వేరు పనులు. అతను మారేదాకా ఆమె ఆగకూడదు. ఆమె తిరిగొస్తేనే మారతానని అతను షరతు పెట్టకూడదు. మన పంచాయితీలు, స్టేషన్‌లో రాజీలు ఎక్కువగా దెబ్బతినేది ఈ రెండింటినీ ఒకే ముడి వేయడం వల్లే.

ఇది ఏ కొద్దిమంది ఇళ్ళలోనో ఉన్న సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్ళయిన 18 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగితే, భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురయ్యామని తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం చెప్పారు. అదే సర్వే ప్రకారం దేశం మొత్తం మీద హింసకు గురైనవాళ్ళలో సాయం అడిగినవాళ్ళు 14 శాతమే. అంటే ఈ కింద చెప్పే దారుల్లో ఒక్కటి కూడా తొక్కనివాళ్ళే ఎక్కువ.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

అన్నిటికన్నా ముందు ప్రాణానికి ముప్పు ఎంత ఉందో చూడాలి. కొన్ని గుర్తులను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోవద్దు: గొంతు నులమడం, కత్తో పెట్రోలో పట్టుకుని బెదిరించడం, గర్భిణిగా ఉన్నప్పుడు కొట్టడం, చంపి నేనూ చస్తానని అనడం, ఎక్కడికి వెళ్ళినా వెంటపడి చూడటం. వీటిలో గొంతు నులమడం చాలా పెద్ద హెచ్చరిక. ఒకసారి గొంతు పట్టుకున్నవాడు తర్వాత ప్రాణం తీసే ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. పైకి మచ్చ కనిపించకపోయినా లోపల రక్తనాళాలు దెబ్బతిని, గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత బయటపడవచ్చు. అందుకే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంకో సంగతి: ఇల్లు వదిలిపోతున్నానని అతనికి తెలిసిన సమయం, వదిలిన తర్వాతి కొద్ది నెలలు అత్యంత ప్రమాదకరం. వెళ్ళిపోతానని కోపంలో ముందే చెప్పొద్దు.

తర్వాత డబ్బు, గూడు. చేతిలో సొంత అకౌంట్ ఉందా, పుట్టిల్లు నిజంగా తలుపు తీస్తుందా, పిల్లల చదువు ఎక్కడ? ఆ తర్వాత సమయం. మీకు కావాల్సింది ఈ రాత్రికి చోటా, ఈ నెలకు ఖర్చులా, జీవితాంతానికి నిర్ణయమా? ఒక్కో దారి ఒక్కోదానికి పనికొస్తుంది. చివరగా, ఆ దారిలో నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది అన్నది. మీ తరఫున పదిమంది మాట్లాడేసి మీరు తలూపాల్సి వచ్చే చోట కోలుకోవడం కష్టం. ఇంతకాలం పోయింది ఆ నిర్ణయించుకునే హక్కే కదా.

ఆమె ముందున్న దారులు

| దారి | ఎంత త్వరగా | దొరికేది | లోటు |
|---|---|---|---|
| పెద్దల్లో పెట్టడం | రోజుల్లో | మాట, పరువు, కొన్నిసార్లు నగలు వెనక్కి | మాట తప్పితే ఎవరూ ఏమీ చేయలేరు |
| స్టేషన్‌లో కౌన్సెలింగ్ | రోజుల నుంచి వారాలు | హెచ్చరిక, రికార్డు | రాజీ కోసం ఒత్తిడి |
| సఖి సెంటర్ | అదే రోజు | చోటు, వైద్యం, లాయర్ సాయం, కౌన్సెలింగ్ | కొద్ది రోజులే |
| గృహహింస చట్టం కింద అర్జీ | మధ్యంతర ఆదేశాలు త్వరగా రావచ్చు, తుది తీర్పుకు ఆలస్యం | రక్షణ, ఇల్లు, ఖర్చులు, పిల్లలు | కోర్టు చుట్టూ తిరగాలి |
| క్రూరత్వం కింద క్రిమినల్ కేసు | ఎఫ్ఐఆర్ వెంటనే, తీర్పుకు ఏళ్ళు | శిక్ష | ఖర్చులు, గూడు ఇవ్వదు |
| విడాకులు | ఇద్దరూ ఒప్పుకుంటే త్వరగా | ముగింపు | ఒప్పుకోకపోతే ఏళ్ళు |

పెద్దల్లో పెట్టడాన్ని పూర్తిగా కొట్టిపారేయను. నోటితో మొదలైన వేధింపు ఇంకా చేతిదాకా రాని చోట, గౌరవం ఉన్న మేనమామో పెదనాన్నో గట్టిగా నిలదీస్తే ఆగిన ఇళ్ళు ఉన్నాయి. కానీ చెయ్యి లేచిన ఇంటికి ఇది సరిపోదు. పంచాయితీలో కూర్చున్నవాళ్ళు ఇద్దరి తప్పులూ లెక్కపెట్టి సమానం చేయాలని చూస్తారు. ‘నువ్వూ నోరు తగ్గించుకోమ్మా’ అని ఒక ముక్క, ‘నువ్వూ చెయ్యి చేసుకోకురా’ అని ఒక ముక్క. ఇందులో ఆమె నోరూ అతని చెయ్యీ ఒకే తూకంలోకి వచ్చేస్తాయి. అందరూ వెళ్ళిపోయాక, నలుగురిలో పరువు తీశావని మళ్ళీ కొట్టడం చాలా ఇళ్ళలో జరిగేదే. పెద్దల్లోనే పెట్టాలనుకుంటే, ఆ రాత్రి ఆమె పుట్టింట్లోనే ఉండేలా చూసుకోండి. అదే రోజు కాపురానికి పంపొద్దు.

పోలీస్ స్టేషన్‌లో, ముఖ్యంగా మహిళా స్టేషన్‌లలో, కేసుకు ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు. ఇంకెప్పుడూ కొట్టనని కాగితం రాయించుకుంటారు. కొందరు భర్తలు స్టేషన్ మెట్లెక్కాక నిజంగానే వెనక్కి తగ్గుతారు. మిగతావాళ్ళు కాగితం రాసే విద్య నేర్చుకుంటారు. ఈ దారి ఎంచుకుంటే మీ ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రశీదు తీసుకోండి. రాజీ వద్దనుకుంటే ఆ మాట స్పష్టంగా చెప్పే హక్కు మీకుంది.

హింసకు గురైన ఆడవాళ్ళకు ఒకేచోట సాయం అందించే సఖి సెంటర్లు 2015 నుంచి కేంద్ర పథకం కింద నడుస్తున్నాయి, జిల్లాల్లో ఉన్నాయి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దగ్గర్లోని సెంటర్‌కు కలుపుతారు. అక్కడ సాధారణంగా 5 రోజుల వరకు ఉండనిస్తారు. ఎక్కువ కాలం కావాలంటే అక్కడి నుంచే ప్రభుత్వ ఆశ్రయ గృహానికి పంపిస్తారు. పిల్లల్ని తీసుకెళ్ళవచ్చు గానీ మగపిల్లల వయసుకు పరిమితి ఉంటుంది, ఫోన్‌లోనే అడగండి. ఈ రాత్రికి ఎక్కడికి వెళ్ళాలో తెలియనివాళ్ళకు ఇంతకంటే మంచి మొదటి మెట్టు నాకు తెలియదు. అక్కడికి వెళ్తే కేసు పెట్టి తీరాలనేం లేదు. దాడి జరుగుతున్న క్షణంలో మాత్రం అత్యవసర నంబర్ 112కి ఫోన్ చేయండి.

ఇక గృహహింస చట్టం. ఇది 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. జనానికి తెలియాల్సినంత తెలియని చట్టం ఇదే. భర్తను జైలుకు పంపడం ఇష్టం లేక చాలామంది అసలు కోర్టు మాటే ఎత్తరు. ఈ చట్టం కింద వేసే అర్జీ ప్రాథమికంగా సివిల్ రక్షణ కోసం. కొట్టొద్దు, దగ్గరికి రావొద్దు అనే ఆదేశం, అదే ఇంట్లో ఉండే హక్కు లేదా వేరే అద్దె ఇంటి ఏర్పాటు, నెల ఖర్చులు, పిల్లల తాత్కాలిక సంరక్షణ, స్త్రీధనం వెనక్కి, నష్టపరిహారం అన్నీ ఒకే అర్జీలో అడగవచ్చు. అతను ఆ ఆదేశాన్ని ధిక్కరిస్తేనే అది నేరం అవుతుంది. అప్పుడు ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇంకో మేలు ఏమిటంటే హింస అంటే దెబ్బలే అని ఈ చట్టం అనదు. తిట్లు, అవమానాలు, పడకగదిలో బలవంతం, జీతం లాక్కోవడం, ఖర్చులకు ఇవ్వకపోవడం కూడా హింస కిందికే వస్తాయి. ఇల్లు మామగారి పేరున ఉంది, నీకేం హక్కుంది అని బయటికి నెట్టేస్తారు కదా. అత్తమామల పేరున ఉన్నా కాపురం చేసిన ఇల్లయితే అక్కడ ఉండే హక్కు అడగవచ్చని సుప్రీంకోర్టు 2020లో సతీష్ చందర్ అహూజా కేసులో తేల్చింది. అర్జీని పుట్టింటి ఊళ్ళోని మేజిస్ట్రేట్ కోర్టులోనే వేయవచ్చు. రక్షణ అధికారి జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖలో ఉంటారు, వాళ్ళు జరిగిన హింస మీద డీఐఆర్ అనే నివేదిక రాసి కోర్టుకు పంపుతారు. నేరుగా లాయర్ ద్వారా కూడా వెళ్ళవచ్చు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ను ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది, దానికి నంబర్ 15100. లోటు కూడా చెప్పాలి. మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా, వాయిదాలు దాన్ని దాటి పోతూనే ఉంటాయి. అందుకే మధ్యంతర ఆదేశాలు మొదటి రోజే అడగమని లాయర్‌కు గట్టిగా చెప్పండి.

అందరూ 498ఏ అని పిలిచే, క్రూరత్వం కింద పెట్టే క్రిమినల్ కేసు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. 3 ఏళ్ళ వరకు శిక్ష, జరిమానా. పెట్టగానే అందరినీ అరెస్టు చేస్తారన్నది పాత మాట. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన అర్నేష్ కుమార్ తీర్పు తర్వాత ముందు నోటీసు ఇచ్చి పిలవడమే ఎక్కువ. కాబట్టి ‘కేసు పెడితే రేపటికల్లా లోపలుంటాడు’ అన్న నమ్మకంతో ఆ ఇంట్లోనే ఉండిపోవద్దు. తీవ్రమైన దెబ్బలు, చంపే ప్రయత్నం, కట్నం వేధింపు ఉంటే ఈ కేసు అవసరం. గృహహింస అర్జీతో పాటే పెట్టవచ్చు, ఒకటి పెడితే ఇంకొకటి పోదు.

విడాకుల గురించి ఒక్క మాట. ఇది మిగతా దారుల్లా అత్యవసర సాయం కాదు. ముందు భద్రత, ఖర్చులు కుదుటపడ్డాక, తల చల్లగా ఉన్నప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయం. తొందరలో సంతకం పెట్టి స్త్రీధనం, భరణం వదులుకున్నవాళ్ళు తర్వాత చాలా బాధపడతారు.

ఏ దారికైనా పనికొచ్చేవి కొన్ని ముందే సిద్ధం చేసుకోండి. ఆధార్, పెళ్ళి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, నగల బిల్లుల ఫొటోలు తీసి నమ్మకమైన మనిషికి పంపండి. ఆసుపత్రిలో ‘మెట్ల మీద పడ్డాను’ అనకుండా ఎలా తగిలిందో చెప్పి, అదే రాయమని డాక్టర్‌ను అడగండి. ఫోన్‌లో లొకేషన్ షేరింగ్, వాట్సాప్‌లో లింక్ అయి ఉన్న డివైజ్‌లు, అతని చేతిలో ఉన్న ఈమెయిల్ పాస్‌వర్డ్ చూసుకోండి. చాలామంది వెళ్ళిన చోటు దొరికిపోయేది ఫోన్ వల్లే.

మనసు కోలుకోవడానికి ఏది

ఇల్లు మారినంత మాత్రాన భయం పోదు. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం, కొట్టినవాడి మీదే బెంగ పెట్టుకోవడం, ‘నేనే సరిగ్గా ఉంటే బాగుండేదేమో’ అని తిప్పి తిప్పి అనుకోవడం సహజం. ఆ చివరి ఆలోచన ఆమె ఒక్కదాని బలహీనత కాదు. ముందు చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఏదో ఒక కారణం ఉంటే భార్యను కొట్టడం సబబేనన్న ఆడవాళ్ళు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం. అంత మంది మధ్య పెరిగిన మనిషి తప్పు తనదేమో అనుకోవడంలో వింత లేదు.

సైకాలజిస్ట్ దగ్గర విడిగా కౌన్సెలింగ్, సైకియాట్రిస్ట్ దగ్గర మందులు, ఇలాంటి అనుభవం ఉన్న ఆడవాళ్ళ గుంపు, ఈ మూడింట్లో ఏది? నిద్ర, తిండి పూర్తిగా పోయి చావు ఆలోచనలు వస్తుంటే ముందు సైకియాట్రిస్ట్. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో ఆ విభాగం ఉంటుంది, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో మానసిక వైద్యశాల ఉన్నాయి. కదిలే పరిస్థితి లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. రోజులు నడుస్తున్నాయి గానీ భయం, సిగ్గు వదలకపోతే విడిగా కౌన్సెలింగ్ మేలు. జరిగిందంతా మొదటి రోజే చెప్పించుకునే కౌన్సెలర్ కన్నా, ముందు నిద్ర, భద్రత, రోజువారీ పనులు చక్కబెట్టే కౌన్సెలర్ మంచివారు. ‘ఎందుకు సర్దుకోలేకపోయారు’ అని అడిగితే లేచి వచ్చేయండి. ఒంటరితనం ఎక్కువగా ఉన్నవాళ్ళకు గుంపు చేసే మేలు మందులు చేయలేవు. మనలాంటివాళ్ళు బతికి బట్టకట్టారని కళ్ళతో చూడటం ఎంతో ధైర్యం. ఊరి పొదుపు సంఘంలోని ఒక మంచి అక్క కూడా ఈ పని చేయగలదు.

కొట్టినవాడి ముందున్న దారులు

ఇక్కడ మీతోనే నేరుగా మాట్లాడతాను. చెయ్యి లేచింది, సిగ్గుగా ఉంది, మళ్ళీ అలా చేయకూడదనుకుంటున్నారు. ఆ సిగ్గు నిజమైనదే అయితే ఆమెను బతిమాలడంతో మొదలుపెట్టొద్దు.

| దారి | ఎవరికి పనికొస్తుంది | దేన్ని మార్చదు |
|---|---|---|
| తాగుడుకు వైద్యం | తాగినప్పుడు హింస పెరిగేవాళ్ళకు | పెత్తనం, అనుమానం |
| కోపం తగ్గించే క్లాసులు | బయట కూడా అందరితో గొడవపడేవాళ్ళకు | ఇంట్లోనే కొట్టేవాళ్ళను |
| దంపతుల కౌన్సెలింగ్ | హింస పూర్తిగా ఆగి చాలాకాలమైతేనే | భయం ఉన్న ఇంటిని |
| హింస మీదే పనిచేసే విడి కౌన్సెలింగ్ | తప్పు ఒప్పుకోగలిగినవాళ్ళకు | బలవంతాన వచ్చి మధ్యలో మానేసేవాళ్ళను |

తాగుడుకూ దెబ్బలకూ ఉన్న ముడి మనవాళ్ళకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడింది ఇల్లు గుల్లవడం, ఒళ్ళు హూనమవడం రెండూ భరించలేకే. తాగుడు మానితే చాలా ఇళ్ళలో దెబ్బలు తగ్గుతాయి, అది నిజం. అయితే తాగి వచ్చినవాడు దారిలో ఎస్సైని కొట్టడు, ఇంటికొచ్చి భార్యను కొడతాడు. ఎవరిని కొట్టవచ్చో మత్తులోనూ తెలుస్తూనే ఉందన్నమాట. ఆ తెలివిని డీఅడిక్షన్ మార్చదు. కాబట్టి వైద్యం తప్పనిసరి, కానీ అది సగమే.

రెండు జాగ్రత్తలు. రోజూ బాగా తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, కాబట్టి డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి. సలహాకు 14446. అలాగే, తెలియకుండా కూరలో కలిపే మందులు ఇంట్లోవాళ్ళు కొనొద్దు. వాటిలో తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ లాంటిది ఉండి, దాని మీద మద్యం పడితే మనిషి చనిపోవచ్చు. తెలిసిందంటే ఆ కోపం మళ్ళీ ఆమె మీదే పడుతుంది.

కోపం తగ్గించే క్లాసుల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఆఫీసులో మేనేజర్ ఎన్ని మాటలన్నా నవ్వుతూ నిలబడే మనిషికి కోపాన్ని అదుపు చేసుకోవడం వచ్చు. అతను నేర్చుకోవాల్సింది ఇంట్లో తన మాటే నెగ్గాలన్న పట్టుదలను వదలడం.

దంపతుల కౌన్సెలింగ్ అందరికీ ముందు తట్టే ఆలోచన, చాలాసార్లు తప్పుడు ఆలోచన కూడా. పక్కన కూర్చున్న మనిషి రాత్రికి ఏం చేస్తాడోనన్న భయం ఉన్నప్పుడు ఆమె నిజం చెప్పలేదు. చెబితే ఇంటికెళ్ళాక శిక్ష. కాబట్టి ఇద్దరికీ వేర్వేరుగా, వేర్వేరు కౌన్సెలర్ల దగ్గర మొదలవ్వాలి.

మిగిలింది నాలుగోది, నేను ముందు చెప్పేదీ అదే. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ పట్టణంలో 1980ల మొదట్లో మొదలైన పద్ధతి దీనికి మూలం. కొట్టినవాళ్ళు గుంపుగా కూర్చుని, హింసను పెత్తనం కోసం తాము వాడిన సాధనంగా గుర్తించి, వారం వారం దానికి జవాబు చెప్పుకోవాలి. కాలిఫోర్నియాలో ఇలాంటి కేసుల్లో ప్రొబేషన్ మీద, అంటే కోర్టు షరతులతో బయట ఉండేవాళ్ళకు ఏడాది పాటు, 52 వారాల కార్యక్రమం తప్పనిసరి. ఫలితాలు అద్భుతం అనలేం. మధ్యలో మానేసేవాళ్ళు ఎక్కువ, పూర్తిచేసినవాళ్ళలోనూ మార్పు ఓ మోస్తరే. మన దగ్గర ఇలాంటివి చాలా అరుదు. ముంబైలో 1993లో పుట్టిన మావా లాంటి మగవాళ్ళ సంస్థలు కొన్ని ఉన్నాయి. తెలుగు ఊళ్ళలో చేయగలిగింది, క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళి, టెన్షన్ అనో డిప్రెషన్ అనో చెప్పకుండా, ‘నా భార్యను కొట్టాను, అది ఆపడానికి వచ్చాను’ అని చెప్పడం.

చట్టం కూడా ఈ వైపు ఒక తలుపు ఉంచింది. గృహహింస చట్టం 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ అతన్ని విడిగా కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. 2006 నిబంధనల ప్రకారం ఆ కౌన్సెలింగ్‌లో హింసకు సమర్థన చెప్పుకోనివ్వరు, ఆ సంగతి మొదలుపెట్టే ముందే అతనికి చెప్పాలి. ‘ఆమె రెచ్చగొట్టింది’ అన్న మాటకు అక్కడ చోటు లేదు. మన పంచాయితీలకు ఈ ఒక్క నిబంధన వచ్చినా ఎంతో మేలు జరిగేది.

మార్పు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి కన్నీళ్ళు, కాళ్ళు పట్టుకోవడం, గుడిలో ఒట్లు లెక్కలోకి రావు. ఏం చేశాడో ‘కానీ’ అనకుండా చెప్పగలుగుతున్నాడా? ఆమె రానంటే, తన తల్లితోనూ పిల్లలతోనూ ఫోన్లు చేయించకుండా ఊరుకుంటున్నాడా? కలిసి లేకపోయినా నెలనెలా ఖర్చులు పంపుతున్నాడా? ఇవి ఏడాది పాటు నిలిస్తే అప్పుడు ఆలోచించవచ్చు. ‘ఇంత మారాను కదా, ఇంకా రావేం’ అని నిలదీస్తే ఇంకా మారలేదనే అర్థం.

మీ పరిస్థితిని బట్టి

గొంతు నులిమితే, ఆయుధం చూపిస్తే: పంచాయితీ, కౌన్సెలింగ్ అన్నీ పక్కన పెట్టి ముందు బయటపడండి. 112, ఆసుపత్రి, సఖి సెంటర్, ఆ తర్వాత కోర్టు.

జైలు వద్దు, దెబ్బలు ఆగి ఖర్చులు వస్తే చాలనుకుంటే గృహహింస చట్టం కింద అర్జీ వేయండి.

ఉద్యోగం ఉండి, పిల్లల స్కూల్ వల్ల కదల్లేకపోతే: అదే చట్టం కింద అతన్ని ఇంటి నుంచి బయటికి పంపమని అడగవచ్చు. ఎప్పుడూ ఆమే మూట సర్దుకోవాలన్న రూలేం లేదు.

అమెరికాలో హెచ్-4 వీసా (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడేది) మీద ఉంటే: ‘ఫోన్ చేశావంటే ఇండియాకు పంపేస్తారు’ అని బెదిరిస్తుంటారు. 911కి ఫోన్ చేయడానికి వీసాతో పని లేదు. హింసకు గురైన హెచ్-4 భార్యలు సొంతంగా పని అనుమతికి అర్జీ పెట్టుకునే వీలుంది. భర్త సిటిజన్ లేదా గ్రీన్‌కార్డు ఉన్నవాడైతే అతని ప్రమేయం లేకుండానే గ్రీన్‌కార్డుకు అర్జీ వేసుకోవచ్చు. న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, న్యూయార్క్‌లో సఖి అనే సంస్థలు మనతో సహా దక్షిణాసియా దేశాల ఆడవాళ్ళ కోసం పనిచేస్తున్నాయి. పాస్‌పోర్ట్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

దెబ్బలు తినేది మగవాడైతే గృహహింస చట్టం వర్తించదు, మామూలు దాడి కేసు పెట్టవచ్చు. టెలీ మానస్ మీ కోసం కూడా.

కూతురు రాత్రిపూట బ్యాగుతో గుమ్మంలో నిలబడితే: ఏం జరిగిందని ఆ రాత్రి ఆరా తీయొద్దు. అన్నం పెట్టి పడుకోబెట్టండి. దెబ్బలుంటే ఫొటోలు తీసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అల్లుడు ఫోన్ చేస్తే ఇప్పుడు మాట్లాడదని చెప్పండి. మర్నాడు ఆమె ముందే 181కి ఫోన్ కలపండి. మాట్లాడేది మాత్రం ఆమెనే మాట్లాడనివ్వండి.